దారి చెప్పే పెట్టెలు: కొనే ముందు, కొన్న తర్వాత

కారులో దారి చెప్పే పరికరం కొనబోయేవారికి దుకాణదారు ముందుగా చూపించేది ఒక పట్టిక. తెర ఎన్ని అంగుళాలు, బ్యాటరీ ఎన్ని గంటలు, ఎన్ని భాషల్లో మాట్లాడుతుంది, ఒకేసారి ఎన్ని ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుంటుంది, ఫోనుతో కలుస్తుందా లేదా. పత్రికల్లో వచ్చే సమీక్షలు కూడా చాలావరకు ఈ పట్టికకే నాలుగు వాక్యాలు చేర్చి, చివర అయిదింటికి నాలుగు నక్షత్రాలు వేసి ముగిస్తాయి. రేడియో కొనడానికైతే ఈ పద్ధతి చాలు. రేడియో కొన్న తర్వాత ఊళ్ళో ఎన్ని కొత్త రోడ్లు పడినా దానికి సంబంధం లేదు. దారి చెప్పే పెట్టె అలా కాదు. దాని కడుపులో లోకానికి ఒక నకలు ఉంటుంది. ఆ నకలు తయారైన రోజు నుంచే పాతబడటం మొదలవుతుంది. అది ఎంత త్వరగా పాతబడుతుంది, దాన్ని సరిచేసే బాధ్యత ఎవరిది, ఎన్నేళ్ళపాటు అన్న ప్రశ్నలకు పట్టికలో గడి ఉండదు. కొన్న తర్వాత అయిదారేళ్ళు మనం కాపురం చేసేది ఆ ప్రశ్నలతోనే.

వాడుకలో ఈ పెట్టెను 'జీపీఎస్' అనేస్తాం. ఆ పేరులోనే కొంత మోసం ఉంది. జీపీఎస్ ఉపగ్రహానికి రోడ్లు తెలియవు, ఊళ్ళు తెలియవు. అది చెప్పేది రెండే రెండు విషయాలు: ఇప్పుడు సమయం ఎంత, తాను ఎక్కడ ఉన్నాను. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ అమెరికా ఉపగ్రహాలు తమ పరమాణు గడియారాలు చూపే సమయాన్ని రేడియో తరంగాల మీద పంపుతూ ఉంటాయి. తరంగం మనల్ని చేరడానికి సుమారు సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో కొలిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మనం ఉన్నచోటును నిర్ణయించడానికి మూడు సంఖ్యలు కావాలి. మన పెట్టెలోని చవక గడియారం ఎంత తప్పు చూపుతోందో తెలిపే నాలుగో సంఖ్య కూడా కావాలి. నాలుగు అవ్యక్త రాశులకు నాలుగు సమీకరణాలు. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ ఎత్తులో గడియారాలు మన గడియారాలకన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు వేగంగా నడుస్తాయి. దాన్ని ముందే సరిచేయకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్లకు పైగా తేడా వచ్చేది. ఫిజిక్సు పుస్తకంలో పరీక్ష కోసం చదువుకునే సిద్ధాంతం ఇక్కడ కారు డ్రైవరుకు కూడు పెడుతోంది.

మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978లో కక్ష్యకు చేరింది. మొత్తం వ్యవస్థ 1995లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. కాని అమెరికా రక్షణశాఖ పౌరులకిచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. దానివల్ల స్థానం 100 మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. మన పాతబస్తీలో 100 మీటర్లంటే నాలుగు సందులు! 2000 మే 2న ఆ కల్తీని ఆపేశారు. ఆ తర్వాతే కారు అద్దానికి అతికించుకునే చిన్న పెట్టెల కాలం వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన టామ్‌టామ్ 2004లో 'గో'ను, అమెరికాకు చెందిన గార్మిన్ 2005లో 'నూవీ'ని విడుదల చేశాయి. రాబోయే అయిదేళ్ళు యూరప్, అమెరికాల్లో 'ఏది కొనాలి?' అన్న ప్రశ్నకు అర్థం ఈ రెండింటిలో ఏది అనే.

ఆనాటి పట్టికల్లో ఉపగ్రహ సంకేతాలు పట్టే శక్తికి పెద్ద పీట వేసేవారు. విచిత్రమేమంటే 2006 నాటికి పై తరగతి నూవీలోనూ, పై తరగతి టామ్‌టామ్‌లోనూ ఉన్నది ఒకే కంపెనీ చేసిన ఒకే చిప్పు: సిర్ఫ్ కంపెనీవారి స్టార్-3. అంటే ఆకాశాన్ని చూసే కన్ను ఇద్దరికీ ఒకటే. ఈనాటి పట్టికల్లో ఆ గడి ఇంకా పొడవైంది. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ అని వరుసగా పేర్లుంటాయి. ఎత్తైన భవనాల మధ్య ఆకాశం ఒక చీలికలా మాత్రమే కనిపించే వీధుల్లో ఉపగ్రహాలు ఎక్కువైతే నిజంగానే మేలు. 2023 మే నెలలో మన ఇస్రో ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం, చవక చిప్పులు కూడా అందుకోగల ఎల్1 తరంగంలో ప్రసారం చేసేలా తయారైంది; అదీ మంచిదే. అయితే ఉపగ్రహాలు యాభై కనిపించినా, మ్యాపులో లేని రోడ్డు మ్యాపులోకి రాదు.

ఈ భాగంలో మామూలు మనిషికి తెలిసే తేడా ఒక్కటుంది: ఆన్ చేసిన తర్వాత ఎంతసేపటికి మన చోటు కనుక్కుంటుంది? ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతుంది. నత్తనడక. ఆ ఉపగ్రహం సొంత వివరాలకు 30 సెకన్లు, మొత్తం ఉపగ్రహాల పంచాంగానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోను అయితే ఈ వివరాలను మొబైల్ నెట్‌వర్కు ద్వారా ముందే తెప్పించుకుంటుంది. అందుకే ఫోను వెంటనే చోటు చూపుతుంది. చాలారోజులు సొరుగులో పడున్న పెట్టె ఇంటి ముందు నిలబడి ఆలోచిస్తూ ఉంటుంది.

ఇప్పుడు తెర మీద కదిలే బాణం సంగతి. కారు ఎప్పుడూ రోడ్డు మధ్యలోనే కనిపిస్తుంది కదా, ఎంత కచ్చితంగా కొలుస్తోందో అనుకుంటాం. నిజానికి కొలతలో కొన్ని మీటర్ల తప్పు ఎప్పుడూ ఉంటుంది. కొలిచిన బిందువు పక్కనున్న ఇంట్లోనో, మురుగుకాలువలోనో పడుతుంది. 'కారు కాలువలో నడవదు, కాబట్టి దగ్గరున్న ఈ రోడ్డు మీదే ఉండాలి' అని సాఫ్ట్‌వేరు బాణాన్ని రోడ్డు మీదికి జరుపుతుంది. అంటే మనం చూస్తున్నది కొలతను కాదు, పెట్టె అభిప్రాయాన్ని. రెండు రోడ్లు పక్కపక్కనే ఉన్నప్పుడు ఆ అభిప్రాయం ఎంత బలహీనమో బయటపడుతుంది. ఒకదానిపై ఒకటి ఉంటే మరీ ఇబ్బంది. హైదరాబాదులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. పైరోడ్డుకూ కిందిరోడ్డుకూ అక్షాంశ రేఖాంశాలు ఒకటే. ఎత్తును బట్టి చెప్పవచ్చు కదా అంటారేమో. జీపీఎస్‌కు ఎత్తు విషయంలోనే తప్పు ఎక్కువ. మనకు కనిపించే ఉపగ్రహాలన్నీ తలపైనే ఉంటాయి, కాళ్ళకింద ఒక్కటీ ఉండదు. పైనుంచీ కిందనుంచీ సరిచూసుకునే వీలు లేదు. కాబట్టి పెట్టె మనం ర్యాంపు ఎక్కామా లేదా అని ఊహిస్తుంది. ఊహ తప్పితే, పైన వెళ్తున్న మనిషిని 'ఎడమకు తిరగండి' అంటుంది. గూగుల్ తన మ్యాపుల్లో ఫ్లైఓవర్ వచ్చినప్పుడు ముందుగా చెప్పే సౌకర్యాన్ని మన దేశంలో 40 నగరాలకు 2024లో చేర్చింది. ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లు తిరగడం మొదలైన పదిహేనేళ్ళకు!

ఈ రంగంలో ఉపగ్రహంకన్నా మ్యాపే ముందు వచ్చిందని చాలామందికి తెలియదు. 1981లో జపాన్ కంపెనీ హోండా 'ఎలక్ట్రో గైరోకేటర్' అనే పరికరం తెచ్చింది. కారు ఎటు తిరిగిందో వాయువుతో పనిచేసే గైరోస్కోపు, ఎంత దూరం వెళ్ళిందో చక్రం చెబితే, తెర మీద ఒక చుక్క కదిలేది. తెర ముందు పారదర్శకమైన మ్యాపు కాగితాన్ని డ్రైవరే దూర్చాలి. మొదట ఎక్కడున్నామో కూడా డ్రైవరే సరిచేయాలి. దూరం పెరిగేకొద్దీ చిన్న తప్పులు పోగై చుక్క రోడ్డు దాటిపోయేది.

1985లో కాలిఫోర్నియాలో వచ్చిన 'ఎటాక్' ఈ చిక్కును తెలివిగా విప్పింది. దానికీ ఉపగ్రహం లేదు. దిక్సూచి, చక్రాలకు అమర్చిన సెన్సార్లు, క్యాసెట్లలో మ్యాపు, అంతే. పాటల క్యాసెట్ల వంటి క్యాసెట్లే. లాస్ ఏంజెలిస్ వంటి మహానగరానికి ఒక్కటి చాలేది కాదు. కారు కుడికి తిరిగిందని దిక్సూచి చెప్పగానే, ఆ దగ్గరలో కుడికి తిరగడానికి వీలున్న కూడలి ఏదో మ్యాపులో వెతికి, పోగైన తప్పును అక్కడికక్కడ చెరిపేసేది. మ్యాపు ఇక్కడ చూసుకునే బొమ్మ కాదు, కొలిచే పరికరంలో భాగమైపోయింది. మ్యాపు తప్పైతే కొలతే తప్పు. పసిఫిక్ ద్వీపాల నావికులు తమ పడవ నిశ్చలంగా ఉన్నట్టూ, దీవులే పక్కనుంచి కదిలిపోతున్నట్టూ భావించి దారి లెక్కించేవారట. ఆ పద్ధతి పేరే ఎటాక్. తెర మధ్య కారు గుర్తు కదలకుండా ఉండి చుట్టూ మ్యాపు తిరిగే అలవాటు మన ఫోన్లలో నేటికీ కొనసాగుతోంది.

2000లో ఎటాక్ మ్యాపుల వ్యాపారం టెలిఅట్లాస్ అనే యూరప్ కంపెనీ చేతికి వచ్చింది. కార్లకు పనికివచ్చే మ్యాపులు పెద్దఎత్తున తయారుచేసేవారు అప్పట్లో ప్రపంచంలో ఇద్దరే: టెలిఅట్లాస్, అమెరికాకు చెందిన నావ్‌టెక్. టామ్‌టామ్ మొదటివారి దగ్గర, గార్మిన్ రెండోవారి దగ్గర మ్యాపులు కొనేవి. అసలు విలువ ఎక్కడుందో 2007లో జరిగిన తగాదా బయటపెట్టింది. టెలిఅట్లాస్‌ను కొంటామని టామ్‌టామ్ ముందుకొచ్చింది. ప్రత్యర్థి చేతిలోకి మ్యాపు పోతుందని గార్మిన్ అంతకంటే ఎక్కువ ధర పాడింది. టామ్‌టామ్ మళ్ళీ పెంచి, చివరికి 290 కోట్ల యూరోలకు దక్కించుకుంది. గార్మిన్ వెనక్కి తగ్గి, నావ్‌టెక్‌తో 2015 దాకా ఒప్పందం రాసుకుంది. ఆ నావ్‌టెక్‌ను ఫోన్ల కంపెనీ నోకియా 810 కోట్ల డాలర్లకు కొనేసింది. 2015లో నోకియా ఆ మ్యాపుల వ్యాపారాన్ని ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కార్ల కంపెనీలకు కలిపి అమ్మింది. పెట్టె పేరు చూసి కొన్నవాడికి తెలియకుండానే, పెట్టెలోని లోకం ఇన్ని చేతులు మారింది. ఆనాటి సమీక్షల్లో మ్యాపు ఎవరిదన్న విషయానికి దక్కింది మహా అయితే ఒక వాక్యం.

సరే, రెండింటినీ పోల్చమంటే నా అభిప్రాయం ఇది. నూవీ తెరిచీ తెరవగానే రెండే ప్రశ్నలు కనిపించేవి: ఎక్కడికి వెళ్ళాలి, మ్యాపు చూడాలా. తాతగారైనా వాడగలరు. టామ్‌టామ్‌లో మెనూలు ఎక్కువ, నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి. కాని 2007లో అది ఒక మంచి పని చేసింది. మూసేసిన రోడ్డునో, మారిన ఒన్‌వేనో వాడేవారే మ్యాపులో సరిదిద్ది, ఆ దిద్దుబాటును మిగతావారితో పంచుకునే వీలు కల్పించింది. మొదటి వారంలో పోల్చితే నూవీదే పైచేయి. మూడో ఏట పోల్చితే నేను టామ్‌టామ్‌కే ఓటు వేస్తాను. సమీక్షలు మొదటి వారంలోనే రాస్తారు గనక ఈ రెండో తీర్పు అచ్చులో పెద్దగా కనిపించలేదు.

దారి ఎంచుకునే లెక్కకు కూడా ఆమ్‌స్టర్‌డామ్‌తో చుట్టరికం ఉంది. 1956లో అక్కడి ఒక కాఫీ హోటలులో కూర్చుని, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ సమస్యకు జవాబు ఆలోచించాడు: రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గర దారి ఏది? కంప్యూటర్ సైన్సు చదివేవారందరూ ఆయన పద్ధతి నేర్చుకుంటారు. పెట్టెలన్నీ దాన్నో, దానికి పుట్టిన పిల్ల పద్ధతులనో వాడతాయి. పద్ధతి తప్పదు, అది ప్రతి రోడ్డుకూ వేసే ఖర్చు తప్పుతుంది. 'రాష్ట్ర రహదారి, గంటకు 60 కిలోమీటర్లు' అని మ్యాపులో రాసి ఉంటే, సంత రోజున అదే రోడ్డు మీద ఎడ్లబళ్ళ వెనక గంటకు 8 కిలోమీటర్లు పోతామని దానికి తెలియదు. అందుకే 2008లో టామ్‌టామ్ వాడకందారుల పెట్టెల నుంచే నిజమైన వేగాలు సేకరించి లెక్కలో వేయడం మొదలుపెట్టింది. తెలివైన పనే. కాని 2011లో, పేర్లు తీసేసిన అవే వేగాల సమాచారం నెదర్లాండ్స్ పోలీసులకు చేరి, ఎక్కడ వేగం కొలిచే కెమెరాలు పెట్టాలో నిర్ణయించడానికి ఉపయోగపడిందని బయటపడింది. కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. దారి చెప్పినందుకు మనం ఇచ్చే మూల్యంలో ఇదొక భాగం. ఫోనులో ఉచితంగా దారి చూసుకునేవారికి ఇది మరింత వర్తిస్తుంది.

మన దేశానికి వస్తే కథ కొంత వేరు. ఇక్కడ వివరమైన మ్యాపులు చాలాకాలం ప్రభుత్వ అనుమతుల చాటున ఉండేవి. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా పటాలను రక్షణ అవసరాలకు ఒక వరుస, ప్రజలకు మరో వరుసగా విడదీసింది 2005 నాటి జాతీయ పటాల విధానం. భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా మ్యాపులు తయారుచేసుకునే స్వేచ్ఛ 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో వచ్చింది. ఈలోగానే ఢిల్లీకి చెందిన మ్యాప్‌మైఇండియా, మన హైదరాబాద్‌కు చెందిన శాట్‌నావ్ టెక్నాలజీస్ ఊరూరా మనుషుల్ని తిప్పి రోడ్లు నమోదు చేయించాయి. శాట్‌నావ్‌వారి 'శాట్‌గైడ్' ఇక్కడ పుట్టిన సరుకు. విదేశీ పెట్టె ఎంత నునుపుగా ఉన్నా, ఇక్కడి సందులు దానికి తెలిసేవి కావు.

ఇక చిరునామాల చిక్కు. అమెరికాలో ఒక వీధికి ఈ చివర 100, ఆ చివర 200 అని మ్యాపులో ఉంటే చాలు. 150వ నంబరు ఇల్లు మధ్యలో ఉంటుందని పెట్టె లెక్కగట్టేస్తుంది. మన ఇంటి నంబరులో వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ తర్వాత గీత గీసి బై-నంబరు. పాత ఇంటి స్థలంలో నాలుగు కొత్త ఇళ్ళు లేస్తే బై-నంబర్లు పెరుగుతాయి తప్ప వరుస ఉండదు. లెక్కగట్టే వీలే లేదు, ఒక్కో ఇంటినీ వెళ్ళి నమోదు చేయాలి. అందుకే మనం నంబరు చెప్పం, 'హనుమంతుడి గుడి వెనక, నీళ్ళ ట్యాంకు దాటగానే' అంటాం. కూల్చేసి ఇరవై ఏళ్ళయిన సినిమా హాలు పేరుతో బస్‌స్టాపు ఉండటం మనకు వింత కాదు. 2009 చివర గూగుల్ మన దేశంలో ఇలాంటి గుర్తులతో దారి చెప్పడం మొదలుపెట్టింది. ఇక పట్టికలోని 'ఎన్ని భాషలు' గడి గురించి ఒక మాట. మన ఊళ్ళ పేర్లు రోమన్ లిపిలోనే నమోదై ఉంటే, దకారమో డకారమో, హ్రస్వమో దీర్ఘమో తెలియక ఆ గొంతు సొంత ఊరి పేరును కూడా పరాయిగా పలుకుతుంది.

2009 అక్టోబరులో గూగుల్ అమెరికాలో ఆండ్రాయిడ్ ఫోన్లకు మలుపు మలుపుకూ దారి చెప్పే సౌకర్యాన్ని ఉచితంగా ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆ రోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు బాగా పడిపోయాయి. అప్పటినుంచి పోటీ పెట్టెకూ పెట్టెకూ మధ్య కాదు. ఫోనుకూ, విడి పెట్టెకూ, కారుతోపాటు కంపెనీ అమర్చి ఇచ్చే తెరకూ మధ్య. నగరంలో ఫోనే మేలు, సందేహం లేదు. మ్యాపు పాతబడదు, ముందున్న ట్రాఫిక్ జాము తెలుస్తుంది. కాని నల్లమల అడవి గుండా శ్రీశైలం వెళ్ళే రోడ్డు మీద సిగ్నల్ లేనిచోట, ముందుగా మ్యాపు దించుకోకపోతే ఫోను తెర తెల్లబోతుంది. ఎండాకాలం అద్దం ముందు వేడెక్కి ఆగిపోవడమూ ఉంది. విడి పెట్టెకు మ్యాపు మొత్తం కడుపులోనే ఉంటుంది గనక సిగ్నల్ అక్కరలేదు. కారులో అమర్చిన తెరకు మరో బలం ఉంది. చక్రాల వేగం, గైరోస్కోపు దానికి అందుబాటులో ఉంటాయి. సొరంగంలో ఉపగ్రహాలు కనిపించకపోయినా ఎటాక్ పద్ధతిలో ముందుకు లెక్కగడుతూ పోతుంది. పట్టికలో దీనికీ గడి లేదు.

బలాలు సరే, ముసలితనంలో ఏ ఒక్కటీ మాట నిలబెట్టుకోలేదు. విడి పెట్టెల మీద 'జీవితకాలం మ్యాపులు ఉచితం' అని పెద్ద అక్షరాలతో రాసి అమ్మారు. 2018లో టామ్‌టామ్ కొన్ని పాత మోడళ్ళకు ఇక కొత్త మ్యాపులు ఇవ్వలేమని ప్రకటించింది. కొత్త మ్యాపును నడిపే సత్తా వాటికి లేదని కారణం చెప్పింది. కొన్నవారు జీవితకాలమంటే ఎవరి జీవితమని అడిగారు. పెట్టె జీవితం; అదీ కంపెనీ దానికి సహాయం అందించినంత కాలం అని చిన్న అక్షరాల్లో ఉంది. మన ఇళ్ళల్లో ఇలాంటి మాటను ఏమంటారో పాఠకులకు చెప్పనక్కరలేదు. కారులో అమర్చిన తెరల పరిస్థితి కూడా గొప్పది కాదు. కారు పదిహేనేళ్ళు నడుస్తుంది. దాని కంప్యూటరుకు అంత ఆయుష్షు ఇవ్వాలని తయారీదారుకు ఏ ఒత్తిడీ లేదు. అమెరికాలో 2022లో 3జీ సేవలు మూసినప్పుడు, వాటిపై ఆధారపడిన కొన్ని కార్లలో నెట్‌వర్కుతో నడిచే సౌకర్యాలు ఆగిపోయాయి. ఇంజను బాగుంది, చక్రాలు బాగున్నాయి, తెర మాత్రం మూగబోయింది.

ఈ ముసలితనంలో లెక్కల విద్యార్థులకు నచ్చే ముచ్చట ఒకటుంది. జీపీఎస్ పాత సంకేతంలో వారం సంఖ్యకు కేటాయించింది 10 బిట్లు. 2 ను పదిసార్లు గుణిస్తే 1024. కాబట్టి 0 నుంచి 1023 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నాకు వస్తుంది. అంటే సుమారు 19 సంవత్సరాల 7 నెలలకు ఒకసారి. 1980 జనవరిలో మొదలైన లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో రెండోసారి సున్నాకు వచ్చింది. కొందరు తయారీదారులు సాఫ్ట్‌వేరు రాసిన తేదీ నుంచి తమ సొంత లెక్క మొదలుపెడతారు. వారి పరికరాలు వేరే రోజున తికమకపడతాయి. 2022 జనవరి 1న చాలా హోండా కార్ల గడియారాలు 2002 సంవత్సరం చూపడానికి ఇదే కారణం. గడియారం వెనక్కి వెళ్తే నవ్వుకోవచ్చు, మ్యాపు వెనక్కి వెళ్తే నవ్వులాట కాదు.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఒక కారు రామగంగ నది మీది వంతెన ఎక్కింది. వంతెన చివరి భాగం అంతకుముందే వరదకు కొట్టుకుపోయింది. కారు నదిలో పడి ముగ్గురు మరణించారు. వారు నావిగేషన్ చూపిన దారిలోనే వెళ్ళారని పోలీసులు చెప్పారు. తెగిన వంతెన సంగతి మ్యాపుకు ఎక్కలేదు, రోడ్డుకు అడ్డంగా సరైన కంచె లేదు. తప్పు యంత్రానిదా, రోడ్ల శాఖదా అన్న చర్చ చాలా నడిచింది. ఇద్దరిదీ అని నా ఉద్దేశం. అయితే వంతెన తెగిన రోజున ఆ సంగతి మ్యాపు తయారీదారుకు చెప్పవలసింది ఎవరు, చెప్పాక ఎన్ని గంటల్లో దిద్దాలి అన్న నియమం ఉంటే ఈ చర్చకు అర్థముండేది. పట్టికలో నేను వెతికే గడి అదే.

ఈ పెట్టెలు బుర్రను మొద్దుబారుస్తాయన్న మాట తరచు వినబడుతుంది. 2008లో జపాన్‌లో తోరు ఇషికావా బృందం చేసిన పరిశోధనలో, జీపీఎస్ చూసి నడిచినవారు కాగితం మ్యాపు చూసినవారికన్నా ఎక్కువ దూరం తిరిగారు, తర్వాత దారిని బొమ్మ గీయమంటే అంత బాగా గీయలేకపోయారు. 2020లో కెనడాలో దహ్మానీ, బోబోట్‌లు జీపీఎస్ ఎక్కువగా వాడేవారిలో దారుల జ్ఞాపకం మూడేళ్ళలో ఎక్కువగా తగ్గిందని ప్రచురించారు. పత్రికలు దీన్ని పెద్ద శీర్షికలతో వేశాయి గాని, మూడేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించింది 13 మందినే. దాన్ని బట్టి అందరికీ తీర్పు చెప్పడం తొందరపాటు.

కాబట్టి ఎంచుకునే ముందు మీరే ఒక పరీక్ష చేయండి. కారు లేకపోయినా ఫోనుతో చేయవచ్చు. కారులోనైతే డ్రైవరు కాక పక్కన కూర్చున్నవారే చేయాలి. మీకు బాగా తెలిసిన పది చోట్లు రాసుకోండి. ఈ రెండేళ్ళలో తెరిచిన బైపాసు, మారిన ఒన్‌వే, ఒక ఫ్లైఓవర్ కిందిరోడ్డు, వాన పడితే మునిగే కల్వర్టు, మీ ఇంటి డోర్ నంబరు వంటివి అందులో ఉండాలి. రెండు పరికరాలనూ వాటి గురించి అడగండి. తప్పు కనిపిస్తే తయారీదారుకు తెలియజేసి, ఎన్ని రోజుల్లో దిద్దారో తేదీతో రాసుకోండి. ఒక నెలపాటు, చేరే సమయం ఎంతని చెప్పింది, నిజంగా ఎంత పట్టింది అన్నవి కూడా పట్టిక వేయండి. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదివిన క్రమదోషం, యాదృచ్ఛిక దోషం ఇక్కడ పనికివస్తాయి. రోజూ పది నిమిషాలు తక్కువ చెప్పే పరికరంతో బతకవచ్చు, పది కలుపుకుంటే సరి. ఒకరోజు రెండు, ఇంకోరోజు నలభై నిమిషాలు తప్పే పరికరంతో, దాని సగటు ఎంత బాగున్నా, రైలు అందుకోలేం.

కారుతోపాటు వచ్చే తెర కొనేటట్లయితే, మ్యాపు ఎవరిది, ఎన్నేళ్ళ దాకా కొత్త మ్యాపులు ఇస్తారు, దానికి వేరే డబ్బు కట్టాలా అన్నవి బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వనంటే ఆ తెరకు పెట్టే అదనపు డబ్బు దండగ. ఫోనును కలుపుకునే మామూలు తెర చాలు. పాత సంకేతంలోని వారం సంఖ్య మళ్ళీ సున్నాకు వచ్చేది 2038 నవంబరులో. 2025లో కొన్న కారుకు అప్పటికి 13 ఏళ్ళు. ఆ రోజున మీ తెర ఏ సంవత్సరం చూపిస్తుందో కూడా దుకాణదారును అడిగి చూడండి.